గుమ్మానికి కట్టిన జెముడు

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో నాకు భయం వేసేది పట్టపగలే. పిల్లలు బడికీ పెద్దలు ఆఫీసులకీ వెళ్ళిపోయాక మా వీధిలో ఒక్క మనిషి కనిపించడు. అన్నీ ఒకే రంగు ఇటుకల ఇళ్ళు, ఒకే ఎత్తున కోసిన గడ్డి, మూసిన గరాజ్ తలుపులు. ఎవరో ఆపడం మరిచిపోయిన స్టవ్వులా ఎండ మండుతూనే ఉంటుంది. ఇంట్లోంచి పనిచేసే నేను మీటింగుల్లో తల ఊపుతూ, కిటికీలోంచి ఆ వీధిని చూస్తూ, ఇక్కడ నిజంగా మనుషులు కాపురం ఉంటున్నారా అని అనుమానపడుతూ ఉండేదాన్ని. మా ఆయనతో అంటే నవ్వేవాడు. "క్వైట్ నైబర్‌హుడ్ కావాలని నువ్వేగా గోల చేశావు. ఇప్పుడు క్వైట్‌గా ఉందని కంప్లైంట్ ఏంటే?" అనేవాడు.

ఈ ఇల్లు కొన్న వేసవిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి మా పాపకి ఏడేళ్ళు. ఇంట్లో నేను, మా ఆయన, పాప, పాప పట్టుబట్టి తెచ్చుకున్న గోధుమరంగు కుక్క. కుక్కని నేను అది అనను, వాడు అంటాను. వాడికి పాప తప్ప వేరే లోకం లేదు. పాప సమ్మర్ క్యాంప్‌కి వెళ్తే ముందు గుమ్మం బయట చాప మీద నీడలో పడుకుని, బస్సు వచ్చేదాకా లేచేవాడు కాదు.

మా వెనక వీధిలో ఒక ఆంటీ ఉంటారు. మా పాపకే కాదు, నాకూ ఆంటీయే. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళందరికీ ఆంటీయే. పుట్టి పెరిగింది హైదరాబాద్ బజార్లలో. తండ్రికి అక్కడ బట్టల దుకాణం ఉండేదట. అమెరికా వచ్చి పిల్లల్ని పెంచి పెద్ద చేసి, మనవల్ని కూడా ఎత్తుకున్నారు గానీ మాటలో ఆ యాస పోలేదు, మనిషిలో ఆ దర్జా పోలేదు. ఎవరి గృహప్రవేశమైనా ఆవిడ చేతుల మీదుగా జరగాల్సిందే. పంతులుగారు ఆలస్యంగా వచ్చినా సర్దుకుంటారు గానీ, ఆంటీ ఆలస్యం చేస్తే ఇంటివాళ్ళు కాలుకాలిన పిల్లుల్లా తిరుగుతారు.

గృహప్రవేశానికి ముందు ఇల్లు చూడ్డానికి వచ్చి, ఆవిడ గుమ్మం ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"గుమ్మడికాయ కట్టకుర్రి. ఈ ఎండకు కుళ్ళిపోతది. మొన్న మా వీధిల ఒకాయన కడితే నీళ్ళు గారి, ఈగలు ముసిరి, హెచ్‌ఓఏ వాళ్ళు పెద్ద లొల్లి చేసిండ్రు. జెముడు కట్టుకోర్రి బిడ్డా. అది కుళ్ళదు, చావదు. మా నాయిన దుకాణానికి అదే ఉండె."

హెచ్‌ఓఏ అంటే మా కాలనీ సంఘం. గడ్డి ఒక అంగుళం పెరిగినా మెయిల్ పెట్టే రకం. వాళ్ళ మాట వినగానే మా ఆయన జెముడుకే ఓటు వేశాడు. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. ఆ మాట నేనంటే మా ఆయనకి కోపం. పోనీ ఆయనకి నమ్మకం ఉందా అంటే అదీ లేదు. "ఉంటే?" అంటాడు. ఆ ఒక్క "ఉంటే?" పట్టుకునే ఈ మనిషి ఇన్నేళ్ళుగా శనివారం గోళ్ళు తీసుకోకుండా, పిల్లి ఎదురొస్తే కారు పక్కకి ఆపుకుంటూ బతుకుతున్నాడు.

మొక్కల షాపులో ఆయన భుజాలదాకా ఎత్తున్న ఒక మొక్క దొరికింది. నాలుగు పలకల కాండం, అంచుల వెంట జంట ముళ్ళు, పైకి లేచిన చేతులు. దాని లేబుల్ మీద 'కౌబాయ్ కాక్టస్' అని రాసి, టోపీ పెట్టిన బొమ్మ వేశారు. ఆంటీకి ఫొటో పంపితే, "గదే గదే, జెముడు!" అని వాయిస్ మెసేజ్ పెట్టారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నదాన్ని. దేన్నైనా ఇంట్లోకి రానిచ్చే ముందు దాన్ని అనుమానించడం నా ఉద్యోగం, నా జబ్బు కూడా. అక్కడే నిలబడి, కాక్టస్ పిల్లలకీ కుక్కలకీ ప్రమాదమా అని ఫోన్‌లో వెదికాను. జవాబు వెంటనే వచ్చింది. కాక్టస్‌లు విషం కావు. ముళ్ళు గుచ్చుకుంటాయి, కొన్నిటి నూగుముళ్ళు చర్మంలో దిగి దురద పెడతాయి, కుక్క కొరికితే నోరు గీరుకుంటుంది. అంతకుమించి భయం లేదు.

ఆ జవాబులో అబద్ధం లేదు. ఇవాళ చదివినా అది నిజమే.

గృహప్రవేశం రోజు వంటింట్లో ఆంటీ పాలు పొంగిస్తున్నారు. స్మోక్ అలారం మోగుతుందేమోనని ఒకరు దాని కింద తువ్వాలు ఊపుతూ నిలబడ్డారు. ఆ సమయానికే మా ఆయన వెనక పేషియో అరుగు మీద కుండీలోని జెముడు చెయ్యి ఒకటి కత్తితో కోశాడు. కోసిన చోటునుంచి తెల్లగా, చిక్కగా కారడం మొదలైంది. బొట్లు బొట్లుగా కూడా కాదు, ధారగా. పేషియో సిమెంటు మీద తెల్లటి మడుగు కట్టింది. మా ఆయన కత్తి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఆంటీ వంటింటి తలుపు దగ్గరికి వచ్చి, అది చూసి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకున్నారు.

"చూస్తివా బిడ్డా! లోపట మనం పాలు పొంగిస్తుంటే బయట మొక్క సుత పొంగిచ్చింది! ఇంతకన్న శుభం ఇంకేం గావాలె!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీశారు. అబద్ధం ఎందుకు, నాకూ ఒళ్ళు జలదరించింది. నమ్మకం లేనివాళ్ళకి కూడా కొత్త ఇంటి మొదటి రోజున ఏదో ఒకటి మంచి జరిగిందని చెబితే వినాలనే ఉంటుంది.

ఆ చేతిని ఎర్రదారంతో గుమ్మానికి తలకిందులుగా కట్టారు. దాని కోసిన మొదలు పైకి, చివర కిందికి. కింద చాప మీద ఇంకా రెండు మూడు తెల్ల చుక్కలు పడి, ఎండకి జిగురులా ఆరిపోయాయి. నేను వాటిని గీకబోతే ఆంటీ ఆపారు. పాల చుక్కలు తుడవకూడదట.

చచ్చిపోతుందనుకున్నాను. మన్ను లేదు, నీళ్ళు లేవు, తల కిందికి వేలాడుతోంది, ఆపైన టెక్సాస్ ఎండ. నాలుగు వారాలకి వాడి, ఆరు వారాలకి ఎండి రాలిపోవాలి. అది వాడలేదు. ఒకరోజు ప్యాకెట్ తీసుకోవడానికి తలుపు తీసి చూస్తే దాని చివర కొద్దిగా వంగి ఉంది. పక్క వారానికి ఇంకొంచెం. తలకిందులుగా వేలాడుతున్నవాడు మెడ తిప్పి పైకి చూడటానికి ప్రయత్నిస్తున్నట్టు, ఆ చివర వంకర తిరిగి మెల్లగా ఆకాశం వైపు లేస్తోంది. పక్కల నుంచి బొటనవేలంత పిలకలు వచ్చాయి. ఏం తిని పెరుగుతోంది ఇది అని మా ఆయన్ని అడిగాను. "దిష్టి," అన్నాడు తాపీగా, పాలలో కార్న్‌ఫ్లేక్స్ వేసుకుని తింటూ. జోక్ వేశాననుకున్నాడు. ఆ పూట నేను లంచ్ సరిగ్గా తినలేకపోయాను.

దక్షిణం గాలి వీచినప్పుడల్లా అది తలుపు చట్రానికి తగిలేది. టక్. కాసేపాగి మళ్ళీ టక్. మర్యాదస్తుడెవరో బెల్ కొట్టడానికి మొహమాటపడుతున్నట్టు. మొదట్లో మీటింగ్ మధ్యలో లేచి వెళ్ళి తలుపు తీసేదాన్ని. ఎవరూ ఉండరు. ఖాళీ వీధి, ఎండ, గుమ్మంలో ఊగుతున్న జెముడు. దానికి తోడు డోర్‌బెల్ కెమెరా ఒకటి. పిలకలు పెరిగి కెమెరా కంటికి అడ్డం వచ్చేసరికి, ఫోన్‌లో మెసేజ్‌లు మొదలయ్యాయి. 'మీ గుమ్మం దగ్గర ఎవరో మనిషి ఉన్నారు.' తెరిచి చూస్తే తెర మూలన ఆకుపచ్చగా ఒక చెయ్యి ఊగుతూ కనిపించేది. కెమెరా సెట్టింగ్స్ ఎన్ని మార్చినా అది దాన్ని మనిషనే అనేది.

కుక్క మారిపోయింది. చాప మీద పడుకోవడం మానేశాడు. ముందు గుమ్మం నుంచి బయటికి తీసుకెళ్ళబోతే నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడేవాడు. పైకి చూసి, పళ్ళ మధ్య నుంచి సన్నగా మూలిగేవాడు. తర్వాత నోట్లోంచి చొంగ కారడం, ముందుకాళ్ళు అదేపనిగా నాకడం మొదలుపెట్టాడు. ఒకరోజు పొద్దున చూస్తే మూతి వాచి, ఎడమ కన్ను ఎర్రగా చింతనిప్పులా ఉంది. పశువైద్యురాలు పరీక్ష చేసి, ఇంట్లో ఏమేం మొక్కలున్నాయని అడిగింది. కాక్టస్ ఒకటే అన్నాను. ముల్లేదైనా గీరుకుందేమోనని వెదికింది. దొరకలేదు. అలర్జీ కావచ్చని చుక్కలూ మాత్రలూ ఇచ్చింది. ఆ కన్ను ఎర్రదనం తగ్గింది గానీ, నల్లగుడ్డు మీద సన్నని తెల్లపొర ఉండిపోయింది. వాడు ఆ వైపు నుంచి పిలిస్తే తల పూర్తిగా తిప్పి చూడటం నేర్చుకున్నాడు.

తలుపు తీసి వేసిన రోజుల్లో నాకూ కళ్ళు మండేవి. ఎండ అనుకున్నాను. స్క్రీన్ చూసి చూసి అనుకున్నాను. ఏదో ఒకటి అనుకోకుండా ఉండలేని బుర్ర నాది.

కుక్క సంగతి విని ఆంటీ పరిగెత్తుకొచ్చారు. గుమ్మం కింద నిలబడి జెముడును కిందా మీదా చూశారు.

"ఎంత పెరిగింది! దిష్టంత గుంజుకుంటున్నది. మూగజీవి మీదికెళ్ళి పోయింది, నయమే. ఎనక తలుపుకు సుత ఒకటి కట్టుర్రి."

మా ఆయన ఇంకో చెయ్యి కోశాడు. మళ్ళీ పాలు. మళ్ళీ కింద చుక్కలు. ఇంటికి ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ఆ మొక్క పని ఎక్కువైందని మేం ఇంకో ముక్క కోసేవాళ్ళం. కోసిన కొద్దీ కుండీలోది ఇంకా చేతులు వేసేది. మా ఇంటికి ఎవరి కళ్ళూ తగలకుండా మేం పడుతున్న పాట్లు అవి. ఇప్పుడు తలుచుకుంటే, ఇంట్లో అందరి కళ్ళకీ ఒక్కొక్కటిగా ఏదో అవుతోందని మాకెందుకు తట్టలేదో అర్థం కాదు.

బడులు తెరిచే ముందు శనివారం. వచ్చే అమావాస్యలోపు ముందు గుమ్మానిది మార్చి కొత్తది కట్టమని ఆంటీ చెప్పారు. పాప తనూ హెల్ప్ చేస్తానని ఎగిరింది. మా ఆయన జాగ్రత్తపరుడు. ముళ్ళు గుచ్చుకోకుండా పాప చేతులకి తోటపని గ్లోవ్స్ తొడిగాడు. గుడ్డ గ్లోవ్స్, మీద పసుప్పచ్చ పూలు. పేషియోలో కుండీలోని కొత్త చేతిని పాప కింద పట్టుకుంది, ఆయన పైన కోశాడు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. పాలు కారి ఆ గ్లోవ్స్ మీద పడ్డాయి. పాప "ఛీ, యక్!" అని నవ్వింది. చెమటకి జుట్టు మొహం మీద అంటుకుంటే మోచేతితో తోసుకుంది. అది కుదరక గ్లోవ్స్‌తోనే తోసుకుంది. ఒక కంటి మీద, తర్వాత రెండో కంటి మీద. ఇంతే జరిగింది. దీన్ని చూసి కంగారుపడే తల్లి ఎవరుంటారు?

మొదట ఏమీ లేదు. స్నానం చేసింది, పప్పన్నం తింది. తర్వాత కళ్ళు మండుతున్నాయంది. నీళ్ళతో కడిగాను. కాసేపటికి ఏడుపు మొదలైంది, రెప్పలు తెరవలేకపోయింది. మళ్ళీ కడిగాను. సోఫాలో నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. లేచి కళ్ళు తెరిచి, హాలంతా ఒకసారి చూసింది. కిటికీల్లోంచి ఎండ నేలంతా పరుచుకుని ఉంది.

"అమ్మా," అంది. "ఇంట్లో ఫాగ్ ఎందుకు వచ్చింది?"

నేను మాట్లాడలేదు. పాప చెయ్యి చాపి గాలిలో నా కోసం వెదికి, నా గడ్డం పట్టుకుంది. "నీ ఫేస్ లేదు అమ్మా. వాయిస్ కూడా లేదు. నువ్వు ఉన్నావా?"

ఉన్నానమ్మా అన్నాను. కారు ఎవరు నడిపారో, ఏ దారిన వెళ్ళామో నాకు గుర్తు లేదు.

ఎమర్జెన్సీలో కంటిలోకి ధారగా నీళ్ళు పోసి కడుగుతూ, ఏం పడిందని అడిగారు. కాక్టస్ అన్నాను. డాక్టర్ మొహం కొంచెం తేలికపడింది. ముల్లేమైనా ఉందేమోనని చూశాడు. లేదు. ఆయన నీలం వెలుతురు పెట్టి మళ్ళీ చూశాడు, ఈసారి తేలిక పోయింది. విషాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు అడిగిన ప్రశ్నని మమ్మల్ని అడిగాడు. కోసినప్పుడు దాన్నుంచి నీళ్ళలాంటి రసం వచ్చిందా, తెల్లగా పాలలా వచ్చిందా?

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఎప్పటికీ మరిచిపోను. "మిల్క్," అన్నాడు. "చాలా మిల్క్."

అయితే అది కాక్టస్ కాదన్నాడు డాక్టర్. కాక్టస్‌లా కనిపిస్తుంది, కాక్టస్ పేరుతో అమ్ముతారు, కానీ వేరే జాతి. కాక్టస్ సామాన్యంగా ముళ్ళతో గుచ్చి వదిలేస్తుంది. ఇది పాలతో కాలుస్తుంది. చర్మం మీద పడితే బొబ్బలు, కుక్క నాకితే నోరు పూస్తుంది, కంట్లో పడితే కంటిమీది పొర కాలుతుంది. పడిన వెంటనే తెలియదు, మెల్లగా ఎక్కుతుంది. పాప రెండు కళ్ళూ కాలాయి. మందులు పనిచేస్తే పొగమంచు విడిపోతుంది. మచ్చ కడితే చూపు అలాగే ఉండిపోవచ్చు. ఏది జరుగుతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

జెముడు పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని పల్లెల్లో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదట. తర్వాత అడిగిన ప్రతివాళ్ళూ, "అయ్యో, అదేంటి, మీకు తెలీదా?" అన్నారు. తెలీదు. ఆంటీ పెరిగింది బజార్లో. ఆవిడ చూసింది దుకాణం షట్టర్‌కి కట్టిన, ఎప్పుడో కోసి పాలు ఆరిపోయిన ముక్కని. మా ఆయన పెరిగింది విజయవాడ అపార్ట్‌మెంట్లో, నేను వైజాగ్ క్వార్టర్స్‌లో. మొక్కని గుమ్మానికి కట్టాలనే సగం మాత్రమే మా ముగ్గురికీ అందింది. దాని జోలికి పోకూడదనే రెండో సగం దారిలో ఎక్కడో రాలిపోయింది.

ఇంటికొచ్చాక పాప గదిలో కర్టెన్లు దించేశాం. కంటి చుక్కల వల్ల వెలుతురు పడితే నొప్పి. పట్టపగలు చీకటి గదిలో మంచం మీద కూర్చుని, మా గొంతులు విని అటు తిరిగేది. కుక్క మంచం పక్కనే ఉండేవాడు. ఒక కంటి మీద పొరతో వాడు, రెండు కళ్ళ మీద పొరతో పాప. నేను గుమ్మంలో నిలబడి చూస్తే ఇద్దరూ ఒకేసారి తల నా వైపు తిప్పేవారు, ఇద్దరూ నా పక్కన గోడనే చూసేవారు. నాకు అరవాలనిపించేది. ఎవరి మీద అరవాలో తెలిసేది కాదు.

ఆసుపత్రి నుంచి రాగానే మా ఆయన వెనక గుమ్మానిది, కుండీలోది ఎలాగో గోనెలో కట్టి పారేశాడు. ముందు గుమ్మానికి ఇంకా వేలాడుతున్న పాతదాన్ని మాత్రం ముట్టుకోలేదు. "అమావాస్య దాటనీ," అన్నాడు నేల చూస్తూ. నేను చీల్చి చెండాడతాననుకున్నాడు పాపం. కానీ డాక్టర్ మళ్ళీ చూసేదాకా ఇంట్లో ఏదీ కదపకూడదని నాకూ అనిపించింది. దాన్ని తీస్తే పాప కళ్ళకి ఏదో అవుతుందని. ఆలోచిస్తే అర్థం లేదు. ఆలోచించడానికి నాకు ధైర్యం లేదు. టక్ అని వినిపించినప్పుడల్లా ఫోన్ బోర్లా తిప్పేసి కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆంటీ టిఫిన్ క్యారియర్‌తో వచ్చారు. లోపలికి రాలేదు. మెట్ల కింద ఎండలో నిలబడే ఏడ్చారు. ఆ దర్జా ఎటుపోయిందో, మనిషి పావువంతయ్యారు.

"నా నోటితోని చెప్పిన బిడ్డా. నేనే చెప్పిన."

"మీకేం తెలుసు ఆంటీ," అన్నాను. అన్నాను గానీ గొంతులో కోపం దాగలేదు.

"అమాస దాటేదాంక అది మాత్రం తియ్యకు. పిల్లకు బాగలేనప్పుడు తీస్తే..." ఆగిపోయారు.

"ఇంకా ఆ మొక్కనే నమ్ముతున్నారా మీరు?"

ఆవిడ పైకి, దాని వైపు చూశారు. వెంటనే చూపు దించుకున్నారు. "నమ్ముత లేను బిడ్డా. దానికి భయపడుతున్న," అన్నారు. క్యారియర్ మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు.

అమావాస్య ఇంకా రాలేదు. మా ఆయన చుక్కల మందు అయిపోతే ఫార్మసీకి వెళ్ళాడు. పాప నిద్రపోతోంది. బయట ధడేల్‌మని చప్పుడైంది. డెలివరీ అతను పెద్ద పెట్టె ఒకటి గుమ్మంలో దించి వెళ్ళాడు. తలుపు తీశాను. పెట్టె తగిలి జెముడు పిలక ఒకటి విరిగి తోలు పట్టుకుని వేలాడుతోంది. విరిగిన చోట తెల్లటి బొట్టు లావవుతోంది. నేను చూస్తుండగానే చాప మీద పడింది. దాని వెనకే ఇంకొకటి. నా కాళ్ళ పక్క నుంచి కుక్క ముక్కు ముందుకు చాపాడు, పొర ఉన్న కన్ను అటువైపు పెట్టి.

వాడి పట్టీ పట్టి వెనక్కి లాగి, పెరట్లో పెట్టి తలుపేశాను. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఉన్న ఒక్క కన్నూ తీసుకుంటావా, అని పైకే అన్నాను, మొక్కతో. మా ఆయన పసుపురంగు రెయిన్‌కోట్ వేసుకుని టోపీ తల మీదికి లాక్కున్నాను. ఈత గాగుల్స్ పెట్టుకున్నాను. ముక్కుకీ నోటికీ మాస్క్, చేతులకి మోచేతుల దాకా రబ్బర్ గ్లోవ్స్. వంటింట్లో పెద్ద కత్తి తీసుకున్నాను. ముందు తలుపు బార్లా తెరిచి, కుర్చీ వేసుకుని ఎక్కాను.

దారం తెంపేసరికి అది నా చేతిలో పడింది. అంత బరువుంటుందనుకోలేదు. గ్లోవ్స్ మీదుగా పాలు మణికట్టు దాకా కారాయి. కుర్చీ దిగి ఇంటివైపు తిరిగాను.

హాలు చివర పాప నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. గది తలుపు పట్టుకుని, కళ్ళు చికిలించి నా వైపే చూస్తోంది. నా పక్కన గోడని కాదు. నన్ను. చూసి, గుండెలు అవిసేలా కేక పెట్టింది. వెనక్కి తగ్గి గోడకి అతుక్కుపోయింది.

"హూ ఆర్ యూ? అమ్మా! అమ్మ ఎక్కడ?"

పరిగెత్తి వెళ్ళి ఎత్తుకోవాలని ఒళ్ళంతా ఆరాటం. ఒళ్ళంతా పాలు. ఒక్క అడుగు వేయడానికి లేదు.

"నేనే నాన్నా! అమ్మని! రాకు, దగ్గరికి రాకు, అక్కడే ఉండు!"

"అమ్మా? నువ్వేనా?" పాప ఇంకా గోడని వదల్లేదు. "నీకు ఏమైంది? ఎందుకు నైఫ్ ఉంది?"

"నైఫ్ కనిపిస్తోందా? ఇంకా... ఇంకా ఏం కనిపిస్తోంది చెప్పు."

"ఐ డోంట్ వాంట్ టు..."

"చెప్పు తల్లీ. ప్లీజ్. ఏమున్నా చెప్పు."

అది ఏడుస్తూనే చెప్పింది. పసుపు కోటు. పెద్ద నల్ల కళ్ళు. చేతిలోంచి తెల్లగా కారుతోంది. ఒక్కొక్కటీ చెబుతుంటే గాగుల్స్ లోపల నీళ్ళు నిండిపోతున్నాయి, తుడుచుకోవడానికి లేదు. నాకు ఇప్పుడు పాప మసగ్గా కనిపిస్తోంది.

"అమ్మా, మూవ్ అవ్వకు," అంది ఉన్నట్టుండి, గొంతు తగ్గించి. "నీ క్యాప్ మీద స్పైడర్ ఉంది."

సాలీడంటే నాకు ప్రాణం పోతుంది. ఆ సంగతి పాపకి బాగా తెలుసు.

"ఎంత ఉంది?"

"టైనీ. వెరీ టైనీ. ఇప్పుడు నీ ఫేస్ దగ్గరికి వస్తోంది."

చెంప మీద ఏదో సన్నగా పాకుతోంది. నేను కదల్లేదు.

"దాని కాళ్ళు కనిపిస్తున్నాయా నాన్నా?" అని అడిగాను.